తొట్టెలో అలలు పుట్టించి కరెంటు తీయొచ్చా? లెక్క వేసి చూద్దాం

ముందు ప్రశ్న ఏమిటో ఒకసారి చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకు అర్థమవుతుంది. అడిగిన తమ్ముడిది భీమవరం దగ్గర ఊరు, డిప్లొమా చివరి ఏడాది. స్విమ్మింగ్ పూల్ అంత సిమెంటు తొట్టె కట్టి, ఒక చివర చిన్న మోటారుతో పలకను ముందుకీ వెనక్కీ ఆడించి అలలు లేపి, ఆ అలల మీద వరసగా తేలే డ్రమ్ములు పెట్టి, అవి పైకీ కిందకీ ఊగుతుంటే డైనమోలు తిప్పి, వచ్చిన కరెంటులో కొంత ఆ మోటారుకే ఇచ్చి మిగతాది నాన్నగారి రొయ్యల చెరువులో ఏరియేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) వాడుకోవచ్చా అని అడిగారు. నీళ్లు ఖర్చు కావు కదా, ఒకసారి తోస్తే చాలు కదా అన్నది మీ వాదన. చివర్లో ఇంకో మాట కూడా అడిగారు: ఏరియేటర్లు తిరుగుతున్నప్పుడు చెరువులో ఎలాగూ అలలు లేస్తాయి, కనీసం వాటి నుంచైనా కొంత వెనక్కి రాబట్టలేమా అని.

నేను చాలా ఏళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో హైడ్రాలిక్స్ ల్యాబ్ చూసుకున్నాను. వేవ్ ఫ్లూమ్ మీద, అంటే అలలు లేపి పరీక్షలు చేసే గాజు గోడల పొడవాటి తొట్టె మీద పని చేయడం, పిల్లల చేత చేయించడం నా ఉద్యోగం. అందుకని సూటిగానే చెప్తాను. ఆ తొట్టె నుంచి చెరువుకు మిగులు కరెంటు రాదు. మోటారు తినే దాంట్లో పదో వంతు వెనక్కి వస్తే బాగా చేశారని లెక్క. డిజైన్ మారిస్తే ఆ పదో వంతు పెరుగుతుంది గానీ, పెట్టినదాన్ని దాటడం ఏ డిజైన్‌తోనూ జరగదు. అయితే అదే తొట్టెతో నిజంగా పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి చేయొచ్చు, దాని గురించి కింద రాస్తాను, దయచేసి సగంలో ఆపేయకండి.

"నీళ్లు ఖర్చు కావు" అన్న దగ్గరే మొత్తం చిక్కు ఉంది. శ్రీశైలంలో మాత్రం నీళ్లు ఖర్చవుతున్నాయా? టర్బైన్‌లోంచి దిగిన నీళ్లు అంతా అలాగే సాగర్‌కు పోతాయి, చుక్క తగ్గదు. తగ్గేది ఎత్తు. ఎత్తు నుంచి దిగేటప్పుడు ఇచ్చే శక్తినే మనం కరెంటుగా తీసుకుంటున్నాం, ఆ ఎత్తుకు నీటిని చేర్చింది సూర్యుడూ వానా. అల కూడా అంతే. అలలో నీళ్లు ఉన్నచోటే చిన్న చిన్న చుట్లు తిరుగుతాయి, ముందుకు పోయేది శక్తి. ఆ శక్తిని సముద్రంలో గాలి ఇస్తుంది, వందల నుంచి వేల కిలోమీటర్ల మేర నీటి మీద వీచి వీచి ఇస్తుంది, మనకు బిల్లు రాదు. మీ తొట్టెలో ఇచ్చేది మోటారు, దానికి బిల్లు వస్తుంది. తేడా అంతా ఇక్కడే.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం, ఎందుకంటే మాటలతో చెప్తే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా లేదు. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు తొట్టె అనుకోండి. అందులో దిగువ నుంచి శిఖరం దాకా 30 సెంటీమీటర్ల ఎత్తున్న అలలు, 2 సెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నాయి. తొట్టెకు ఇది మంచి అలే, గట్టు మీద నిలబడితే కాళ్లు తడుస్తాయి. నీటి మీద ప్రతి చదరపు మీటరులో అల దాచుకునే శక్తి ఎంతో చూడాలంటే నీటి సాంద్రత, గురుత్వం, ఎత్తు వర్గం మూడూ గుణించి 8తో భాగించాలి. 110 జౌళ్లు వస్తుంది. తొట్టె మొత్తం 250 చదరపు మీటర్లకు 27 వేల 600 జౌళ్లు. వినడానికి పెద్దగా ఉంది కదా, యూనిట్లలోకి మార్చండి: 0.0077 యూనిట్. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంట కూడా వెలగదు. ఒకసారి తోసి వదిలేస్తే తొట్టె మొత్తంలో మీ దగ్గరున్న ఆస్తి అంతే, అది కూడా నూటికి నూరు శాతం పట్టగలిగితే.

మరి ఆ శక్తి ఎక్కడికి పోతుంది, కంటికి కనబడదేం అని మా ల్యాబ్‌లో పిల్లలు అడిగేవాళ్లు. గోడలకు రాసుకుని, గట్టున విరిగి, సుడులై, చివరికి వేడి అవుతుంది. పైన చెప్పిన శక్తి మొత్తం వేడైతే ఆ తొట్టె నీళ్లు లక్షో వంతు డిగ్రీ కూడా వేడెక్కవు. అందుకే మనకు తెలియదు, తెలియదు కాబట్టి పోలేదనిపిస్తుంది. ఈ ఆలోచన ఇంతమందికి నచ్చడానికి అసలు కారణం ఇదే అని నా అభిప్రాయం.

సరే, ఒకసారి తోయడం కాదు, మోటారు ఆగకుండా తిరుగుతుంది అందాం. లోతైన నీటిలో ఒకే తీరున వచ్చే అల తన వెడల్పులో ప్రతి మీటరుకు మోసుకుపోయే పవర్‌కు సులువైన లెక్క ఉంది: ఎత్తు వర్గాన్ని పీరియడ్‌తో (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సెకన్లతో) గుణించి, దాన్ని 0.98తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. 0.3 వర్గం 0.09, ఇంటూ 2, ఇంటూ 0.98, అంటే మీటరుకు 0.177 కిలోవాట్లు. 10 మీటర్ల వెడల్పుకు 1.77 కిలోవాట్లు. ఈ అల లేపడానికి మోటారు, గేర్‌బాక్స్, క్రాంక్, పలక వెనకాల కొట్టుకునే నీళ్లు అన్నీ కలిపి 60 శాతం సామర్థ్యం వేసుకుందాం, వర్క్‌షాపులో చేయించిన దానికి అదే ఎక్కువ. కరెంటు మీటరులో చూస్తే మొత్తం దాదాపు 3 కిలోవాట్లు లాగుతుంది. అటు చివర ఒక వరస డ్రమ్ములు ఆ అలలో 30 శాతం పట్టాయనుకోండి, గొలుసులు, గేర్లు, డైనమో కలిపి అందులో 60 శాతం కరెంటుగా మార్చాయనుకోండి. చేతికొచ్చేది 320 వాట్లు. 3 వేలు పెట్టి 320 తీసుకున్నాం.

ఇక్కడ మీరు తప్పకుండా అడిగేది ఒకటుంది: ఒకే అల పది వరసల డ్రమ్ముల కిందుగా పోతుంది కదా, పది రెట్లు రాదా? రాదు. మొదటి వరస శక్తి తీసుకుంటే దాని వెనక అల ఎత్తు తగ్గుతుంది. తగ్గలేదంటే ఆ వరస ఏమీ తీసుకోలేదని అర్థం. లోడు లేకుండా డ్రమ్ములు ఊరికే ఊగుతుంటే పది వరసలూ హుషారుగా ఊగుతాయి, వీడియోలో చాలా బాగుంటుంది. డైనమోకు లోడుగా రెసిస్టర్ (వచ్చిన కరెంటును తినే భాగం) కలపగానే మొదటి వరస బిగుసుకుంటుంది, మూడో వరస దగ్గరికి వచ్చేసరికి అల బాగా చిన్నదైపోతుంది. ఫ్లూమ్ గాజు గోడ పక్కన కూర్చుని చూస్తే ఇది ఎంత స్పష్టంగా కనబడుతుందో చెప్పలేను. డ్రమ్ముకు ఇవతల అల పొడుగ్గా ఉంటుంది, అవతల పొట్టిగా ఉంటుంది. ఆ తేడాయే మీ కరెంటు, అది దాటి ఒక్క వాట్ కూడా ఎక్కడి నుంచీ రాదు.

పైగా డ్రమ్ము ఊగినప్పుడు అది కూడా అలలు పుట్టిస్తుంది. అల నుంచి శక్తి తీసుకోవడం అంటే వచ్చే అలకు ఎదురు అల పుట్టించి దాన్ని రద్దు చేయడమే, అందుకే అలను బాగా పట్టే పరికరం అలను బాగా పుట్టించేది కూడా అయి ఉండాలి. రెండు వైపులా ఒకేలా ఉండే డ్రమ్ము, పైకీ కిందకీ మాత్రమే ఊగుతూ, ఇరుకు తొట్టెలో ఉంటే, ఎంత గొప్పగా ట్యూన్ చేసినా దాని మీదికి వచ్చిన శక్తిలో సగం కంటే ఎక్కువ పట్టలేదు. ఎందుకంటే అది వెనక వైపు కూడా అంతే అల పుట్టిస్తుంది. ఈ సంగతి తెలిసే ఎడింబరో యూనివర్సిటీలో స్టీఫెన్ సాల్టర్ 1970లలో ముందువైపు ముక్కులా, వెనకవైపు గుండ్రంగా ఉండే "డక్" ఆకారం తయారు చేశారు. వెనకాల గుండ్రటి భాగం తిరిగినా నీళ్లు కదలవు కాబట్టి వెనక అల పుట్టదు. ఇరుకు తొట్టెలో, ఒకే తీరు అలలతో, ఆయన 80 శాతం దాటి రాబట్టారు. ఆ డక్‌ను తెచ్చి మీ తొట్టెలో పెట్టి, అలలు లేపే యంత్రం కూడా 90 శాతం సామర్థ్యంతో చేయించారనుకోండి. 1.97 కిలోవాట్లు లాగి 1.42 ఇస్తుంది. అంత గొప్ప పరికరంతోనూ నష్టమే. ఆయన తొట్టె కట్టింది కరెంటు కోసం కాదు, సముద్రంలో పెట్టబోయే యంత్రం ఎలా ప్రవర్తిస్తుందో ముందే తెలుసుకోవడానికి. అదే ఎడింబరోలో 2014లో మొదలైన ఫ్లోవేవ్ అనే గుండ్రటి తొట్టె ఉంది, 25 మీటర్ల వ్యాసం, చుట్టూ 168 పలకలు, ఏ దిక్కు నుంచి కావాలంటే ఆ దిక్కు నుంచి అలలు లేపుతుంది. అది కరెంటు తినే ల్యాబ్, ఇచ్చే ప్లాంట్ కాదు.

ఇంకో వాదన రెజొనెన్స్. తొట్టెకు తన సొంత ఊపు ఒకటి ఉంటుంది, మనం చెప్పుకున్న కొలతలకు అది సుమారు 9 సెకన్లు. ఆ లయలో చిన్నగా తోస్తూ పోతే నీళ్లు ఆ కొస నుంచి ఈ కొసకు పెద్దగా ఊగుతాయి, నిజమే. చిన్న తోపుకు పెద్ద ఊపు వచ్చింది కాబట్టి శక్తి పెరిగిందని అనుకుంటారు. ఉయ్యాల ఊపేటప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడా అదే. ప్రతి తోపులో వేసిన కొంచెం కొంచెం పోగుపడుతుంది, ఎప్పుడో వేసిందంతా ఒక్కసారి కనబడుతుంది. ఆ పోగులోంచి తీయడం మొదలుపెట్టగానే ఊపు పడిపోతుంది. తిరిగి నిలబెట్టాలంటే తీసినంతా మళ్లీ వేయాలి, రాపిడిలో పోయేది అదనం.

కరెంటు పెట్టి నీటిని కదిపి మళ్లీ కరెంటు తీసే పని మన దగ్గర పెద్ద ఎత్తున జరుగుతూనే ఉందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, అవి టర్బైన్లుగానూ పంపులుగానూ పనిచేసే రకం. సాగర్‌లో కూడా అలాంటివి ఉన్నాయి. అలా తోడి వదిలేటప్పుడు అవి కూడా పెట్టినదాని కంటే ఎక్కువ కరెంటు ఇవ్వవు. ఈ పద్ధతిలో పైకి తోడడానికి 100 యూనిట్లు పెడితే తిరిగి వచ్చేది 75, 80. అయినా ఎందుకు చేస్తారంటే కరెంటు మిగిలిపోయే వేళ తోడి, కొరత ఉన్న వేళ వదులుతారు, అంటే అది దాచుకోవడం. మీ తొట్టె అలలకు ఆ ఉపయోగం కూడా లేదు, మోటారు ఆపిన కాసేపటికే అలలు చచ్చిపోతాయి. దాచుకోవడమే కావాలంటే 10 వేల లీటర్ల నీటిని 10 మీటర్ల ఎత్తుకు చేరిస్తే 0.27 యూనిట్ నిలవ ఉంటుంది, పైన మనం చూసిన అలల తొట్టె మొత్తం కంటే 35 రెట్లు. అదీ పెద్దగా ఏమీ కాదు, కాకపోతే అలలో ఎంత తక్కువ ఉందో తెలుస్తుందని చెప్పాను.

ఏరియేటర్ల మాటకు వస్తాను, ఎందుకంటే ఇది మీ ఇంటి ఖర్చుకు సంబంధించింది, నాకు అన్నిటికంటే దీని మీదే బెంగ. 2 హెచ్‌పీ పాడిల్ వీల్ ఏరియేటర్ దాదాపు ఒకటిన్నర కిలోవాట్ లాగుతుంది. దాని ముందు లేచే అల ఎంత? దగ్గర్లో 10 సెంటీమీటర్లు, సెకనుకు ఒకటి అనుకుందాం. అదే లెక్క వేయండి, మీటరు వెడల్పుకు 10 వాట్లు. 10 మీటర్ల మేర డ్రమ్ములు కట్టి, అంతా కలిపి అందులో 20 శాతం రాబట్టగలిగితే 20 వాట్లు. ఆ 20 వాట్ల కోసం డ్రమ్ములు, గొలుసులు, డైనమోలు, ఉప్పునీటికి తుప్పు, పైగా వాటిలో పడి చిక్కుకునే వలలు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. ఏరియేటర్ పని నీటిలో గాలి కలపడం ఒక్కటే కాదు, చెరువు నీటిని గుండ్రంగా తిప్పి మేత మడ్డిని, వ్యర్థాలను మధ్యకు చేర్చడం కూడా. ఆ ప్రవాహానికి అడ్డంగా డ్రమ్ములు కడితే మడ్డి ఎక్కడబడితే అక్కడ పేరుకుంటుంది. కరెంటు మిగలకపోగా రొయ్యకు ప్రమాదం. దయచేసి ఈ ప్రయోగం నాన్నగారి చెరువులో చేయొద్దు.

బిల్లు తగ్గాలంటే వేరే దారి ఉంది. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున, పగలు ఎండలో నాచు తనే ఆక్సిజన్ ఇస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ చూపించే డీఓ మీటరుతో రోజుకు కొన్నిసార్లు కొలిచి, ఏ వేళ ఎన్ని ఏరియేటర్లు తిప్పాలో దాన్ని బట్టి నిర్ణయించుకుంటే తేడా కనబడుతుంది. రొయ్యల సాంద్రత, మబ్బులు, ప్లాంక్టన్ బట్టి మారుతుంది కాబట్టి మీ టెక్నీషియన్‌తో మాట్లాడకుండా ఏదీ ఆపొద్దు. రెండోది సోలార్. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. మీరు కట్టాలనుకున్న 250 చదరపు మీటర్ల తొట్టె ఉంది చూడండి, అంత జాగాలో తొట్టె కట్టకుండా ప్యానెళ్లు పరిస్తే 25 కిలోవాట్ల దాకా పడతాయి, రోజుకు 100 యూనిట్లు. నీటి మీదే కావాలన్నా కుదురుతుంది, సింహాద్రి ఎన్‌టీపీసీ రిజర్వాయర్‌లో 2021 నుంచి 25 మెగావాట్లు, రామగుండంలో 2022 నుంచి 100 మెగావాట్లు నీటి మీద తేలుతూనే నడుస్తున్నాయి.

ఇక అలల కరెంటు అనేదే అబద్ధమా అంటే కాదు, సముద్రంలో అది నిజం. కేరళలో విళింజం దగ్గర ఐఐటీ మద్రాస్ వాళ్లు 1991లో 150 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు. కింద తెరిచి ఉన్న పెద్ద కాంక్రీటు గది, లోపల నీటి మట్టం అలతో లేచి దిగుతుంటే పైన గాలి నలిగి టర్బైన్‌ను తిప్పుతుంది. గాలి లోపలికి వచ్చినా బయటికి పోయినా ఒకే వైపు తిరిగే వెల్స్ టర్బైన్ అది. వాటర్ పార్కు వేవ్ పూల్ చాలావాటిలో లోతు వైపు గోడ వెనక ఇదే గది ఉంటుంది, కాకపోతే తలకిందులుగా పనిచేస్తుంది. అక్కడ బ్లోయర్ గాలిని కొట్టి గదిలో నీటిని కిందికి నెడుతుంది, ఆ నీళ్లు బయట అలగా లేస్తాయి. ఒకే గది, ఒకచోట కరెంటు తింటుంది, ఒకచోట ఇస్తుంది. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన గీసుకుంటే మీ ప్రశ్నకు జవాబు మీకే కనబడుతుంది. సముద్రంలోనూ ఇది తేలిక కాదు, అల ఎత్తు నిమిషానికోలా మారుతుంటే కరెంటు కూడా అలాగే ఎగుడుదిగుడుగా వస్తుంది, విళింజంలో తర్వాత దాన్ని ఉప్పునీటిని మంచినీరు చేయడానికి కూడా వాడి చూశారు. 2022 నవంబర్‌లో ఐఐటీ మద్రాస్ వాళ్లే తూత్తుకుడి తీరానికి 6 కిలోమీటర్ల దూరంలో సింధుజ-1 అనే తేలే పరికరం పెట్టి చూశారు, దాని పవర్ 100 వాట్లు. అంత పెద్ద సంస్థ సముద్రంలో 100 వాట్లతో మొదలుపెట్టిందంటే ఈ పని ఎంత కష్టమో ఆలోచించండి.

ప్రాజెక్టు ఎగ్జిబిషన్లలో ఎల్‌ఈడీ వెలిగింది చూశాం అంటారు. వెలుగుతుంది. ఎల్‌ఈడీకి 60 మిల్లీవాట్లు చాలు, పలకను ఆడించే అర హెచ్‌పీ మోటారు 370 వాట్లకు పైగా తింటుంది, ఆరు వేల రెట్లు. మోటారు వైపు మీటరు పెట్టి చూపించిన వీడియో నాకైతే కనబడలేదు. ఇలాంటి "తనంతట తాను నడిచే" యంత్రానికి డబ్బు పెట్టమని ఎవరైనా మీ ఊరికి వస్తే, పేటెంట్ ఉందా అని అడగండి. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) ప్రకారం ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగానే ఒప్పుకోరు. రొయ్యల రైతు అప్పు చేసి ఇలాంటివాటిలో డబ్బు పోగొట్టుకుంటే ఆ బాధ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. పేరు మార్చండి, "అలల నుంచి కరెంటు ఉత్పత్తి" అని కాకుండా "తేలే పరికరం సామర్థ్యాన్ని నమూనా తొట్టెలో కొలవడం" అని పెట్టండి. పెద్ద తొట్టె అక్కర్లేదు, 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు చాలు. అటు చివర కంకర రాళ్లతో ఏటవాలు గట్టు కట్టండి, ఇది మాత్రం మానొద్దు. గట్టు లేకపోతే అల గోడకు కొట్టి వెనక్కి వచ్చి కొత్త అలతో కలిసిపోతుంది, మీరు కొలిచే ఏ అంకెకూ అర్థం ఉండదు. పలకను ఆడించే మోటారుకు ఒక వాట్ మీటరు, డైనమోకు ఒక రెసిస్టర్, దాని మీద వోల్టేజి. డ్రమ్ముకు ముందు ఒక స్కేలు, వెనక ఒక స్కేలు అంటించి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే అల ఎత్తు తెలిసిపోతుంది. రెసిస్టర్ విలువ మార్చుతూ, డ్రమ్ములో బరువు మార్చుతూ, పీరియడ్ మార్చుతూ ఎక్కడ ఎక్కువ పట్టిందో గ్రాఫ్ గీయండి. లోడు మరీ తక్కువైనా పవర్ రాదు, మరీ ఎక్కువైనా డ్రమ్ము కదలదు, మధ్యలో ఒకచోట శిఖరం వస్తుంది, దాన్ని కనుక్కోవడమే మీ ప్రాజెక్టు.

ఇది చిన్న పనేం కాదు. చిన్న నమూనా అంకెల నుంచి పెద్దదాని అంకెలు లెక్కగట్టే ఫ్రూడ్ స్కేలింగ్ ప్రకారం పదో వంతు నమూనాలో 1 వాట్ వస్తే, అదే ఆకారం పది రెట్లు పెద్దది చేసి, పది రెట్లు ఎత్తున్న అలల్లో, పీరియడ్ 3.16 రెట్లు ఉన్నచోట పెడితే దాదాపు 3,160 వాట్లు. అంటే మీ తొట్టెలో 10 సెంటీమీటర్ల అల సముద్రంలో ఒక మీటరు అలకు సరి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎవరొచ్చినా మోటారు ఎంత తిన్నదో, డ్రమ్ము ఎంత ఇచ్చిందో మీరే ముందుగా చెప్పండి, రెండు మీటర్లూ బల్ల మీద పెట్టండి.

మీరు వాడాలనుకుంటున్న డ్రమ్ము వ్యాసం, బరువు, మోటారు స్పీడు, క్రాంక్ పొడవు ఇక్కడ రాయండి. ఆ డ్రమ్ము సొంత ఊపు ఎన్ని సెకన్లో లెక్క వేసి చెప్తాను, పలకను ఆ పీరియడ్‌కు దగ్గరగా ఆడించి మొదటి రీడింగ్ తీసుకోవచ్చు.